500 డాలర్ల ఫారెక్స్ అకౌంట్: ముందు నష్టం లెక్క, ఆ తర్వాతే ట్రేడ్

"నా దగ్గర 500 డాలర్లే ఉన్నాయి. ఎంత లాట్ పెట్టాలి?" ఫారెక్స్, అంటే కరెన్సీల ట్రేడింగ్ గురించి డల్లాస్ నుంచి, లండన్ నుంచి, మెల్‌బోర్న్ నుంచి తెలుగువాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. లాట్ అంటే ఒక ట్రేడ్‌లో కొనే లేదా అమ్మే పరిమాణం. అడిగే ప్రతి ఒక్కరికీ నేను తిరిగి అడిగేది ఒకటే: ఈ ట్రేడ్ తప్పైతే ఎన్ని డాలర్లు పోవాలని నిర్ణయించుకున్నారు? దానికి సమాధానం ఉంటే లాట్ ఎంతో లెక్కే చెబుతుంది. సమాధానం లేకపోతే ఏ లాట్ పెట్టినా ఎక్కువే.

ఏ కరెన్సీ పెరుగుతుంది, ఏ ఇండికేటర్ మంచిది అన్న విషయాలు ఇక్కడ ఉండవు. చిన్న అకౌంట్ ఆరు నెలల తర్వాత కూడా బతికి ఉండాలంటే ఏం చేయాలన్నదే చెబుతాను.

ఇండియాలో ఉంటున్నవాళ్లు ముందు ఇది చదవండి

కింద చెప్పే స్పాట్ ఫారెక్స్ (కరెన్సీలను అప్పటి ధరకే కొని అమ్మడం) పద్ధతి అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల నివసించేవాళ్ల కోసం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి విదేశీ ప్లాట్‌ఫారంలో మార్జిన్ మీద, అంటే కొంత డబ్బు హామీగా ఉంచి దానికి ఎన్నో రెట్ల విలువతో, ఫారెక్స్ చేయడానికి ఫెమా (విదేశీ మారక నిర్వహణ) చట్టం ఒప్పుకోదు. ఎల్ఆర్ఎస్ అనే రిజర్వ్ బ్యాంక్ పథకం కింద బ్యాంకు ద్వారా విదేశాలకు డబ్బు పంపే వీలున్నా, ట్రేడింగ్ మార్జిన్ కోసం పంపడానికి వీల్లేదు. యూపీఐతో డిపాజిట్ తీసుకుంటున్నారు కాబట్టి అనుమతి ఉండే ఉంటుందని అనుకోవద్దు. రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబర్‌లో అనుమతి లేని ఫారెక్స్ సంస్థలు, ప్లాట్‌ఫారాల 34 పేర్లతో అలర్ట్ లిస్ట్ విడుదల చేసి, తర్వాత దాన్ని పెంచుతూ వచ్చింది. ఆ లిస్టులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని కూడా చెప్పింది. ఉల్లంఘన రుజువైతే ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా పడవచ్చు. టెలిగ్రామ్‌లో సిగ్నల్స్ ఇచ్చేవాళ్లు ఈ మాట చెప్పరు.

ఇండియాలో సరైన దారి ఎన్ఎస్ఈ, బీఎస్ఈ లాంటి గుర్తింపు పొందిన ఎక్స్‌చేంజీలు. అక్కడ కూడా 2024 మే 3 నుంచి రూపాయి ఉన్న జతల్లో (డాలర్-రూపాయి లాంటి రెండు కరెన్సీల జత) పొజిషన్, అంటే ట్రేడ్, తీసుకోవాలంటే, దాని వెనుక నిజమైన విదేశీ మారక లావాదేవీ ఉండాలి. విదేశీ క్లయింట్ నుంచి మీకు డాలర్లు రావాల్సి ఉండటం అలాంటిదే. ఊరికే రూపాయి పడుతుందనో లేస్తుందనో పందెం కాయడానికి కుదరదు. అలాంటి లావాదేవీ ఉన్నవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోండి: డాలర్-రూపాయి ఫ్యూచర్స్‌లో (తర్వాతి తేదీకి ఇప్పుడే ధర ఖాయం చేసుకునే ఒప్పందాలు) ఒక లాట్ అంటే 1,000 డాలర్లు. ధర 10 పైసలు కదిలితే మీ లాభనష్టాల్లో 100 రూపాయలు మారుతుంది, ఒక రూపాయి కదిలితే 1,000 రూపాయలు. మీకు రావాల్సింది 3,000 డాలర్లయితే 3 లాట్లకు మించకండి.

కావలసినవి

- పోయినా ఇంటి ఖర్చు ఆగని డబ్బు. ఇంటి అద్దె, కిస్తీలు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపాల్సిన డబ్బు, క్రెడిట్ కార్డు మీద తెచ్చింది ఇందులోకి రాకూడదు.
- మీరు ఉంటున్న దేశపు నియంత్రణ సంస్థ దగ్గర నమోదైన బ్రోకర్.
- కనీసం మైక్రో లాట్, అంటే 1,000 యూనిట్లతో ట్రేడ్ చేసే సౌకర్యం. ఒక్కో యూనిట్ చొప్పున కొననిచ్చే బ్రోకర్ దొరికితే చిన్న అకౌంట్‌కు ఇంకా మంచిది.
- కాలిక్యులేటర్, రాసుకోవడానికి ఎక్సెల్ షీట్ లేదా నోట్‌బుక్.
- ఆ వారం వచ్చే ఆర్థిక ప్రకటనల క్యాలెండర్.

ఇంకొకటి కూడా తెలిసి మొదలుపెట్టండి. 2018లో యూరప్ నియంత్రణ సంస్థ ఎస్మా సీఎఫ్‌డీల (అసలు వస్తువు కొనకుండా ధర తేడా మీదే చేసే ట్రేడింగ్ ఒప్పందాలు) మీద పరిమితులు పెట్టినప్పుడు, రిటైల్ అకౌంట్లలో 74 నుంచి 89 శాతం నష్టాల్లోనే ఉంటున్నాయని చెప్పింది. రిస్క్ లెక్క తెలిసినంత మాత్రాన లాభం రాదు. నష్టం మీరు అనుకున్న హద్దు దాటకుండా చూడటం వరకే దాని పని.

1. బ్రోకర్‌ను, మీ దేశపు నిబంధనలను చూసుకోండి

అమెరికాలో ఉంటే నియంత్రణ సంస్థ ఎన్ఎఫ్ఏ వారి బేసిక్ అనే వెబ్‌సైట్‌లో, బ్రిటన్‌లో ఎఫ్‌సీఏ రిజిస్టర్‌లో, ఆస్ట్రేలియాలో ఏసిక్ రిజిస్టర్‌లో కంపెనీ పేరు వెతకండి. పేరు ఒక్కటే సరిపోదు. రిజిస్టర్‌లో వెబ్ అడ్రస్ ఇచ్చి ఉంటే, మీరు డబ్బు వేస్తున్న వెబ్ అడ్రస్ అదేనా అని చూడండి. అసలు కంపెనీ పేరు వాడుకుని నడిచే నకిలీలు చాలా ఉన్నాయి.

ప్రధాన జతల మీద అమెరికాలో గరిష్ఠ లెవరేజ్ (మీ డబ్బుకు ఎన్ని రెట్ల ట్రేడ్ చేయనిస్తారన్నది) 50 రెట్లు, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 30 రెట్లు. బ్రిటన్, యూరప్, ఆస్ట్రేలియాల్లో రిటైల్ కస్టమర్ అకౌంట్ సున్నా కంటే కిందికి వెళ్లకుండా నిబంధనల్లోనే రక్షణ ఉంది. అమెరికాలో అలాంటి హామీ లేదు, పెద్ద కుదుపులో బ్రోకర్‌కు మీరే బాకీ పడవచ్చు. 500 రెట్ల లెవరేజ్ ఇస్తామని ఎవరైనా అంటే వాళ్లు ఈ నిబంధనల బయట ఉన్నారని అర్థం చేసుకోండి.

2. ఒక ట్రేడ్‌లో ఎంత పోవచ్చో డాలర్లలో రాయండి

అకౌంట్‌లో 1 శాతం. 500 డాలర్లయితే 5 డాలర్లు. ఎంత ధైర్యం ఉన్నా 2 శాతం దాటకండి.

"5 డాలర్ల కోసం ఇంత తతంగమా" అని చాలామందికి అనిపిస్తుంది. వరుసగా 10 ట్రేడ్లు పోతే ఏమవుతుందో చూడండి. ట్రేడ్‌కు 1 శాతం పెట్టినవాళ్ల 500 డాలర్లు సుమారు 452 అవుతాయి. 2 శాతమైతే 408 మిగులుతాయి. 5 శాతమైతే 299, 10 శాతమైతే 174. మొదటివాళ్లు మళ్లీ 500కు చేరాలంటే ఉన్నదాని మీద 11 శాతం చాలు. చివరివాళ్లకు ఉన్నదానికి దాదాపు మూడింతలు కావాలి.

10 వరుసగా పోవడం అరుదే. కానీ గెలుపు ఓటములు సగం సగం ఉన్న పద్ధతిలో కూడా 100 ట్రేడ్లలో కనీసం ఒకసారి 5 వరుస నష్టాలు వచ్చే అవకాశం 80 శాతం దాకా ఉంటుంది. అది వచ్చినప్పుడు తట్టుకునే సైజులోనే మొదటి రోజు నుంచీ ఉండాలి.

3. స్టాప్ లాస్ ఎక్కడో చార్ట్ మీద గుర్తించండి

స్టాప్ లాస్ అంటే ధర ఒక చోటికి చేరితే ట్రేడ్‌ను దానంతటదే మూసేసే ఆర్డర్. ఇంకా లాట్ జోలికి వెళ్లొద్దు. "ధర ఇక్కడికి వస్తే నా అంచనా తప్పు" అని చెప్పగలిగే చోటు చూసుకోండి. కొంటున్నప్పుడు అది సాధారణంగా ఇటీవలి కనిష్ఠానికి కొంచెం కింద, అమ్ముతున్నప్పుడు గరిష్ఠానికి కొంచెం పైన ఉంటుంది.

ఉదాహరణకు యూరో/డాలర్ 1.1000 దగ్గర కొంటున్నారు. స్టాప్ 1.0960. తేడా 40 పిప్స్. ఈ జతలో పిప్ అంటే నాలుగో దశాంశ స్థానం. దీనికి స్ప్రెడ్ (కొనే ధరకూ అమ్మే ధరకూ తేడా), జారుడు (ఆర్డర్ అనుకున్న ధరకు కాక పక్క ధరకు పడటం) కింద ఇంకో 2 పిప్స్ కలిపి 42 అనుకోండి. ఈ రెండు పిప్స్ మరిచిపోవడం వల్లే చాలామందికి అసలు నష్టం వేసుకున్న లెక్క కంటే ఎప్పుడూ ఎక్కువగా కనిపిస్తుంది.

4. లాట్ లెక్క

పోవచ్చని నిర్ణయించుకున్న డాలర్లను పిప్స్‌తో భాగించండి.

5 ÷ 42 = సుమారు 0.119. అంటే పిప్‌కు దాదాపు 12 సెంట్లు.

యూరో/డాలర్, పౌండ్/డాలర్ లాంటి, డాలర్ రెండో వైపున ఉన్న జతల్లో పిప్ విలువ ఇలా ఉంటుంది:

- 1,000 యూనిట్లు (మైక్రో, ప్లాట్‌ఫారంలో 0.01): పిప్‌కు 10 సెంట్లు
- 10,000 యూనిట్లు (మినీ, 0.10): పిప్‌కు 1 డాలర్
- 1,00,000 యూనిట్లు (స్టాండర్డ్, 1.00): పిప్‌కు 10 డాలర్లు

మనకు 12 సెంట్లు వచ్చింది కాబట్టి ఒక మైక్రో లాట్. స్టాప్ తగిలితే పోయేది 4 డాలర్ల 20 సెంట్లు. ఎప్పుడూ కిందికే సవరించండి. 1.9 మైక్రో లాట్లు వస్తే ఒకటే పెట్టండి.

స్టాప్ 80 పిప్స్ దూరంలో ఉంటే? స్ప్రెడ్‌తో 82. ఒక్క మైక్రో లాట్‌కే 8 డాలర్ల 20 సెంట్లు పోతుంది, అంటే 1.6 శాతం. ఇక్కడ మీకు మూడు దారులున్నాయి. యూనిట్ల చొప్పున ఇచ్చే బ్రోకర్ దగ్గరైతే 600 యూనిట్లు పెట్టండి, నష్టం 4 డాలర్ల 92 సెంట్లకు ఆగుతుంది. అది లేకపోతే ట్రేడ్ వదిలేయండి. లేదా ఈసారికి 1.6 శాతానికి ఒప్పుకుంటున్నానని ముందే రాసుకుని చేయండి. స్టాప్‌ను 40 పిప్స్‌కు లాక్కొచ్చి లెక్క సరిపెట్టడం మాత్రం దారి కాదు. మీ అకౌంట్ చిన్నదని మార్కెట్‌కు తెలియదు. ధర మామూలుగా ఊగే దూరంలోపలే స్టాప్ పెడితే అది తగిలి తీరుతుంది.

యెన్ జతల్లో పొరపడేవాళ్లు ఎక్కువ. అక్కడ పిప్ రెండో దశాంశ స్థానం. డాలర్/యెన్‌లో ఒక మైక్రో లాట్‌కు పిప్ విలువ 10 యెన్లు. రేటు 150 ఉంటే అది సుమారు 6.7 సెంట్లు. అకౌంట్ పౌండ్లలో ఉంటే మీ నష్ట పరిమితిని ముందు డాలర్లలోకి మార్చుకోండి: 400 పౌండ్ల అకౌంట్‌లో 1 శాతం 4 పౌండ్లు, రేటు 1.30 అనుకుంటే 5 డాలర్ల 20 సెంట్లు. ఆ తర్వాత లెక్క మామూలే.

100 డాలర్లతో మొదలుపెట్టినవాళ్లకు నిజం చెప్పాలి. 1 శాతం అంటే 1 డాలర్. మైక్రో లాట్‌తో మీకు దొరికేది 10 పిప్స్ స్టాప్, అందులో స్ప్రెడే ఒకటో రెండో తినేస్తుంది. ఇది నడవదు. యూనిట్ల చొప్పున ట్రేడ్ చేయగలిగితే 42 పిప్స్‌కు 230 యూనిట్లు పెట్టి నేర్చుకోవచ్చు. అది కుదరకపోతే ఇంకొంత డబ్బు కూడేదాకా డెమోలోనే, అంటే ఉత్తుత్తి డబ్బుతో సాధన చేసే అకౌంట్‌లోనే, ఉండండి.

బంగారం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే చిన్న అకౌంట్లు ఎక్కువగా ఖాళీ అయ్యేది అందులోనే. చాలా బ్రోకర్ల దగ్గర బంగారం ఒక లాట్ అంటే 100 ఔన్సులు. 0.01 పెట్టినా మీ చేతిలో ఉన్నది ఒక ఔన్సు. ధర 30 డాలర్లు కదిలితే 30 డాలర్లు, మీ 500లో 6 శాతం. బంగారానికి 30 డాలర్లు ఒక్కరోజులో పెద్ద దూరమేమీ కాదు. 0.01 అన్న అంకె చూసి యూరో/డాలర్‌లాంటిదే అనుకోవద్దు.

5. ఆర్డర్, స్టాప్ రెండూ ఒకేసారి పెట్టండి

ఎంట్రీ ఆర్డర్ విండోలోనే స్టాప్ అంకె నింపి, ఆ తర్వాతే బటన్ నొక్కండి. "ముందు తీసుకుని తర్వాత పెడతాను" అనే అలవాటు వద్దు. ఫోన్ సిగ్నల్ పోవచ్చు, మీటింగ్ రావచ్చు, ఆ నిమిషంలోనే ధర జారవచ్చు.

పెట్టాక స్టాప్‌ను నష్టం పెరిగే వైపు జరపకూడదు. లాభం వైపు జరుపుకోవచ్చు.

లాభం లక్ష్యం నష్టానికి కనీసం ఒకటిన్నర రెట్లు, వీలైతే రెండు రెట్లు ఉండే ట్రేడ్లే చూడండి. 5 పోగొట్టుకోవడానికి సిద్ధపడి 10 సంపాదించే పద్ధతిలో, ఖర్చులు పక్కన పెడితే, మూడింట ఒకటి గెలిచినా అకౌంట్ నిలబడుతుంది.

6. అన్ని ట్రేడ్లూ కలిపి లెక్కేయండి

యూరో/డాలర్ కొన్నారు. పౌండ్/డాలర్ కొన్నారు. డాలర్/స్విస్ ఫ్రాంక్ అమ్మారు. మూడు ట్రేడ్లు అనిపిస్తుంది గానీ మూడింటిలోనూ డాలర్ పడుతుందనే పందెం కాశారు. డాలర్ ఒక్కసారి బలపడితే మూడు స్టాపులూ ఒకే గంటలో తగలవచ్చు. ఒకే దిశలో ఉన్నవాటిని ఒకే ట్రేడ్‌గా లెక్కించి, అన్నీ కలిపి 1 శాతంలో సర్దండి. 500 డాలర్ల అకౌంట్‌కు ఒకసారి ఒకే పొజిషన్ చాలన్నది నా అభిప్రాయం. ఏ పరిస్థితిలోనూ తెరిచి ఉన్న మొత్తం రిస్క్ 3 శాతం దాటనివ్వకండి.

మార్జిన్ సరిపోతోంది కదా అన్నది సమాధానం కాదు. యూరో/డాలర్ 1.10 దగ్గర ఒక మైక్రో లాట్ విలువ 1,100 డాలర్లు. అమెరికాలో దానికి కావలసిన మార్జిన్ 22 డాలర్లే. అంటే 500 డాలర్లతో ప్లాట్‌ఫారం మిమ్మల్ని 22 మైక్రో లాట్లు తీసుకోనిస్తుంది. అప్పుడు పిప్ విలువ 2 డాలర్ల 20 సెంట్లు, మార్జిన్ పోగా అకౌంట్‌లో మిగిలేది 16 డాలర్లు. ధర 7 పిప్స్ ఎదురు తిరిగితే అదీ అయిపోతుంది. 7 పిప్స్ కదలడానికి వార్త కూడా అక్కర్లేదు.

7. వార్తలు, శుక్రవారం రాత్రి

స్టాప్ లాస్ అంటే ఆ ధరకే బయటపడతామన్న హామీ కాదు. ఆ ధర తగిలాక దొరికిన ధరకు అమ్మేయమని చెప్పడం మాత్రమే. 2015 జనవరి 15న స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు యూరోకు 1.20 ఫ్రాంకుల కనీస ధరను ఉన్నట్టుండి ఎత్తేసింది. 1.20కి కాస్త కింద స్టాప్ పెట్టుకున్నవాళ్లకు ఆ ధర దగ్గర కొనేవాడే లేకపోయాడు, ఎంతో కింద బయటపడాల్సి వచ్చింది. కస్టమర్ల అకౌంట్లు మైనస్‌లోకి వెళ్లి, ఆల్పారి యూకే అనే బ్రోకర్ సంస్థే దివాలా తీసింది.

అంత పెద్దవి అరుదుగా వస్తాయి. తరచూ వచ్చేవి కూడా ఉన్నాయి. అమెరికా ఉద్యోగాల లెక్కలు సాధారణంగా నెలలో మొదటి శుక్రవారం న్యూయార్క్ టైమ్ ఉదయం 8:30కి, ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) వడ్డీ నిర్ణయం దాని సమావేశం ముగిసే రోజు మధ్యాహ్నం 2 గంటలకు వెలువడతాయి. వీటికి అరగంట ముందు నుంచి కొత్త ట్రేడ్ తీసుకోకండి. ఉన్నదాన్ని మూసేయండి, లేదా సగం తగ్గించండి.

మార్కెట్ శుక్రవారం న్యూయార్క్ సాయంత్రం 5కు మూసి ఆదివారం సాయంత్రం 5కు తెరుస్తుంది. మధ్యలో ఏదైనా జరిగితే ధర మీ స్టాప్‌ను దాటేసి తెరుచుకోవచ్చు. చిన్న అకౌంట్‌తో వారాంతం మోయకపోవడమే మంచిది. మామూలు రోజుల్లో కూడా సాయంత్రం 5 చుట్టూ స్ప్రెడ్ పెరుగుతుంది, దగ్గరగా పెట్టిన స్టాపులు అప్పుడే ఎగిరిపోతాయి. రాత్రి దాటితే స్వాప్ (రెండు కరెన్సీల వడ్డీ తేడా) లెక్క పడుతుంది. చాలా జతల్లో బుధవారం రాత్రి మూడు రోజులది ఒకేసారి వేస్తారు.

8. ఆపేసే గీత

రోజులో 2 శాతం పోతే ఆ రోజుకు ప్లాట్‌ఫారం మూసేయండి. నెలలో 6 శాతం పోతే నెలాఖరు దాకా డెమో. ఈ అంకెలు మీ వీలునుబట్టి కొంచెం మార్చుకోవచ్చు, కానీ నష్టం వచ్చాక మార్చకూడదు. పోయింది ఇవాళే రాబట్టాలన్న కసితో లాట్ రెట్టింపు చేసినప్పుడు అకౌంట్ ఎలా కరుగుతుందో చూడండి: 5, 10, 20, 40, 80, 160. ఆరు వరుస నష్టాలకే 315 డాలర్లు. ఏడోదానికి కావలసిన 320 మీ దగ్గర ఉండవు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

నష్టంలో ఉన్న ట్రేడ్‌కే ఇంకో లాట్ కలిపి "సగటు తగ్గించడం" మొదటిది. షేర్లలో అలవాటైనవాళ్లు ఇది ఎక్కువగా చేస్తారు. ఇక్కడ లెవరేజ్ ఉంది, ధర తిరిగి వచ్చేదాకా ఆగే వీలు మీకు ఉండకపోవచ్చు.

వరుసగా నాలుగు గెలిచాక లాట్ పెంచడం ఇంకొకటి. ఐదోది పోతే నాలుగింటి లాభం పట్టుకుపోతుంది.

డెమోలో 1,00,000 డాలర్లతో సాధన చేసి, అసలు అకౌంట్‌లో 500 వేయడం కూడా పొరపాటే. డెమో బ్యాలెన్స్‌ను కూడా 500కే మార్చుకోండి. చాలా ప్లాట్‌ఫారాల్లో కుదురుతుంది.

జీతంలో నుంచి ప్రతి నెలా అకౌంట్ నింపుతూ "ఇంకా 500 ఉన్నాయి" అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. మొత్తం ఎంత వేశారు, ఎంత వెనక్కి తీసుకున్నారు అన్నది విడిగా రాసుకోండి.

సరిగ్గా చేస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది

ప్రతి ట్రేడ్‌కు ఈ ఆరు రాయండి: తేదీ, జత, అనుకున్న నష్టం, స్టాప్ దూరం, లాట్, అసలు వచ్చిన ఫలితం. చివరి అంకెను అనుకున్న నష్టంతో భాగించండి. 5 డాలర్లు అనుకుని 4.80 పోతే మైనస్ 0.96. 9 వస్తే ప్లస్ 1.8.

30 ట్రేడ్లు అయ్యాక షీట్ తెరిచి చూడండి. ఏ ఒక్క అంకె అయినా మైనస్ 1.2 కంటే కిందికి వెళ్లిందా? వెళ్తే కారణం రాయండి: స్టాప్ జరిపారా, వార్త సమయంలో ఉన్నారా, లాట్ తప్పు వేశారా. మైనస్ 1.05 ప్రతిసారీ వస్తుంటే స్ప్రెడ్‌కు కలిపే 2 పిప్స్ చాలడం లేదు, 3 చేయండి. తర్వాత అకౌంట్ అత్యధికంగా ఉన్న చోటు నుంచి ఎంత కిందికి జారిందో చూడండి. 1 శాతం పద్ధతిలో 30 ట్రేడ్లకు అది 15 శాతం దాటిందంటే, రిస్క్ లెక్క సరిగ్గా పాటించినా ట్రేడ్లు ఎంచుకునే పద్ధతిలోనే లోపం ఉంది. అప్పుడు సైజు సగం చేయండి, లేదా డెమోకు వెళ్లండి.

అంకెలన్నీ హద్దులోనే ఉంటే, ఒకసారి 50 డాలర్లు విత్‌డ్రా పెట్టి ఎన్ని రోజుల్లో బ్యాంకుకు వస్తుందో చూసుకోండి. వచ్చాక మిగిలిన బ్యాలెన్స్ మీద 1 శాతం మళ్లీ లెక్కేయండి: 450 ఉంటే ఇప్పుడు ట్రేడ్‌కు 4 డాలర్ల 50 సెంట్లు.